మౌస్, పర్సెపోలిస్ కాకుండా... మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోని గ్రాఫిక్ నవలలు చెప్పండి

పేజీతిప్పు:
గ్రాఫిక్ నవలల (బొమ్మలతోనే కథ నడిపే పుస్తకాల) మాట ఎత్తితే చాలు, ఎక్కడైనా అవే పేర్లు తిరుగుతుంటాయి. మౌస్, పర్సెపోలిస్, వాచ్‌మెన్, శాండ్‌మన్. మంచివే, కాదనను. కానీ వాటి గురించి చెప్పడానికి ఇంటర్నెట్ మొత్తం ఉంది. వాటి పక్కన నిలబడదగినవి, మన దగ్గర పెద్దగా ఎవరూ చదవనివి చెప్పండి. షరతు ఒక్కటే: ఉత్త పేరు పడేసి పోవద్దు. ఎందుకు చదవాలో, అందులో మిమ్మల్ని ఆపేసింది ఏమిటో రాయండి.

నేనే మొదలుపెడతా. ఒరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్'. 1994లో వచ్చింది. భారతదేశంలో మొదటి గ్రాఫిక్ నవల అని చాలామంది దీన్నే అంటారు. నర్మదా లోయలో ఆనకట్టలకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమం దీనికి ఆధారం. పుస్తకంలో ఆనకట్ట పేరు రేవాసాగర్. రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. విష్ణు అనే కుర్ర విలేకరి ఢిల్లీ నుంచి లోయకు వెళ్లడం ఒకటి. మల్గు గాయన్ అనే ఆదివాసీ పాటగాడు చెప్పే సృష్టికథ రెండోది. విలేకరి నోట్‌బుక్‌లో రాసుకునే నిజానికీ, పాటగాడు పాడే నిజానికీ గీత తీరే మారిపోతుంది. ఎవరి మాట నమ్మాలో రచయిత చెప్పడు, గీతే చెబుతుంది. చాలా ఏళ్లు దొరక్కుండా పోయిన పుస్తకం ఇది. 2022లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ వాళ్లు మళ్లీ వేశారు.

గోదారిగట్టు:
పేజీతిప్పు గారూ, ఆ కొత్త ముద్రణ నా దగ్గర ఉంది. నర్మద అని చదువుతున్నానే గానీ మనసంతా కూనవరం, వర రామచంద్రాపురం, దేవీపట్నం చుట్టూనే తిరిగింది. పోలవరం ముంపు ఊళ్లలో కోయలు, కొండరెడ్లు ఏం పోగొట్టుకుంటున్నారో మనవాళ్లు వార్తల్లో రాశారు, కవిత్వంలో రాశారు. ఇలా బొమ్మల్లో చెప్పింది మాత్రం నా కంటపడలేదు. నష్టపరిహారం లెక్కలో పొలం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, చెట్టు కూడా ఉంటుంది. కొండకున్న పేరు వెనకాల కథ ఉండదు. అది బొమ్మలో పెట్టొచ్చని ఈ పుస్తకం చూపించింది.

ఒక్క మాట. ఇది పక్షం వహించే పుస్తకం, ఆ సంగతి దాచుకోదు. ఆనకట్ట వల్ల నీళ్లొచ్చిన రైతు వైపు కథ ఇందులో వెతక్కండి.

కోటిగల్లీ:
'భీమాయన' గురించి ఎవ్వరూ ఎత్తకుంటే నేనే ఎత్తుతా. నవయాన వాళ్లు 2011లో తెచ్చిన్రు. అంబేడ్కర్ జీవితంలో అంటరానితనం ఎదురైన ఘట్టాలు: బడిలో నీళ్లు, బండి ప్రయాణం, బరోడాలో ఇల్లు దొరకకపోవడం. రాసింది శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. గీసింది దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం. వాళ్లు పర్ధాన్ గోండు కళాకారులు.

ఇది చదివేటప్పుడు కథ మీదే ఉండకండి, మాటల బుడగలు చూడండి. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటయ్. విషం కక్కేవాళ్ల మాటలకు తేలు కొండి ఉంటది. ఎవరు ఎవర్ని అవమానిస్తున్నరో చదవక ముందే కంటికి తెలుస్తది. ఇంకోటి, పేజీలో డబ్బాలు ఉండవు. మనుషుల్ని పెట్టెల్లో బిగిస్తే వాళ్లకు ఊపిరాడదని వ్యాం దంపతులు ఒప్పుకోలేదంట. ఊరి బయట పెట్టిన మనుషుల కథను గీతల మధ్య బంధించకుండా గీసిన్రు. గంత ఆలోచన అమెరికా సూపర్‌హీరో కామిక్స్‌లో నాకైతే కనపడలే.

సన్నగీత:
భీమాయనను 'పట్టించుకోనిది' అంటే ఎలా అండి? విదేశాల్లో క్లాసుల్లో పాఠంగా చెబుతున్నారు. ఏ జాబితాలో చూసినా ఉంటుంది.

కోటిగల్లీ:
జాబితాలో ఉండుడు వేరు, ఇంట్లో ఉండుడు వేరు సార్. ఏప్రిల్ 14న ఫ్లెక్సీలు కట్టేటోళ్లలో ఎంతమంది దీన్ని చూసిన్రో అడగండి. నేను 'పట్టించుకోనిది' అంటున్నది మన దిక్కు సంగతి.

సన్నగీత:
సరే, ఆ లెక్కన ఒప్పుకుంటా. అయితే అదే ప్రచురణకర్తల 'ఎ గార్డెనర్ ఇన్ ద వేస్ట్‌ల్యాండ్' ఇంకా తక్కువమంది చూసి ఉంటారు. అదీ 2011దే. ఫూలే 1873లో రాసిన గులాంగిరి ఆధారంగా శ్రీవిద్య నటరాజన్ రాస్తే, అపరాజితా నినన్ నలుపు తెలుపుల్లో గీసింది. ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు కదా, దాన్ని పట్టుకుని మన కులం చరిత్రనూ అక్కడి నల్లజాతి చరిత్రనూ పక్కపక్కన నిలబెడుతుంది ఈ పుస్తకం. భీమాయన అంత అందంగా ఉండదు. గోడమీద పోస్టర్‌లా కోపంగా ఉంటుంది. నాకు ఆ కోపమే నచ్చింది.

చెన్నై_చిన్నోడు:
ఇక్కడందరూ సీరియస్ పుస్తకాలే చెబుతున్నారు. కాస్త తుపాకులు పేలేవి కూడా రానివ్వండి. శివకాశి నుంచి ముత్తు కామిక్స్, లయన్ కామిక్స్ వస్తాయి తమిళంలో. ముత్తు 1972లో మొదలైంది, లయన్ 1984లో. ఇరుంబుక్కై మాయావి పేరు ఇక్కడ ఏ పెద్దాయనను కదిపినా చెబుతాడు. ఇనుప చెయ్యి ఉన్న ఆ హీరో బ్రిటిష్ కామిక్ 'ద స్టీల్ క్లా' నుంచి వచ్చినవాడే. ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్‌కి తమిళనాట ఉన్న అభిమానం చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. టెక్స్ కోసమే నేను తమిళం చదవడం నేర్చుకున్నా, నిజం.

నాకు అర్థం కానిదల్లా, అదే పని తెలుగులో ఎందుకు నిలబడలేదని.

పాతచందమామ:
నాయనా, తెలుగులో బొమ్మల కథలు లేవని మాత్రం అనకండి. బుజ్జాయి గారున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి, అసలు పేరు సుబ్బరాయ శాస్త్రి. 1960లలో 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో ఆయన పంచతంత్రం బొమ్మల కథ ఏళ్ల తరబడి వచ్చింది. దేశమంతా చూసింది. డుంబు బొమ్మలతో తెలుగు పిల్లలు పెరిగారు. 2022లో ఆయన పోయినప్పుడు చాలామంది 'కృష్ణశాస్త్రి కుమారుడు' అనే రాశారు. గీతకారుడిగా ఆయన్ను తలుచుకున్నవాళ్లు తక్కువ.

ఆ పంచతంత్రంలో జంతువులను చూడండి. నక్క నక్కలాగే నడుస్తుంది, కానీ దాని కనుబొమలో మన ఊరి కరణం కనిపిస్తాడు. వాల్ట్ డిస్నీ ప్రభావం ఉందని కొందరంటారు. ఉంటే ఉంది. ఆ చెట్లు, ఆ చెరువు గట్టు మనవే. పాత చందమామలో చిత్రా గారు, శంకర్ గారు కథకు బొమ్మ వేశారు. బుజ్జాయి గారు బొమ్మతోనే కథ నడిపారు. ఆ తేడా మనవాళ్లు గుర్తించలేదనే నా బాధ.

పేజీతిప్పు:
తాతగారూ, దీనికోసమే ఈ చర్చ పెట్టా. బుజ్జాయి గారి 'నాన్న-నేను' చదివాను గానీ బొమ్మల వైపు వెళ్లలేదు.

అక్షరకూర్పు:
చెన్నై_చిన్నోడు అడిగినదానికి నా వైపు నుంచి ఒక కారణం చెబుతాను. నేను డీటీపీ పని చేస్తాను. ఇంగ్లిష్ కామిక్స్‌ని తెలుగులోకి దించే పని ఒకటి రెండుసార్లు చేతికొచ్చింది. ఇంగ్లిష్ కామిక్స్‌లో అక్షరాలన్నీ పెద్దబడి (క్యాపిటల్స్). లైను కిందకి ఏదీ దిగదు, అందుకని లైన్లను దగ్గరదగ్గరగా పేర్చి బుడగను చిన్నగా గీస్తారు. మనకు పైన గుడి, కింద వత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఎంత ఎత్తు తింటుందో చూడండి. లైన్ల మధ్య జాగా తగ్గిస్తే పై లైను వత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటుంది. సైజు తగ్గిస్తే చదవలేం. బుడగ పెంచితే బొమ్మలో మొహం పోతుంది.

పైగా అను ఫాంట్లు పుస్తకాల కోసం చేసినవి. బొమ్మ పక్కన పెడితే పెళ్లి శుభలేఖలా ఉంటుంది. చేత్తో రాయించాలి. బాపు గారి చేతిరాత చూసి ఫాంటు చేశారు గానీ అది అన్ని కథలకూ నప్పదు కదా.

ఇంకో చిక్కు. ఇంగ్లిష్‌లో ఒక వాక్యాన్ని రెండు బుడగలుగా విరిచి, అసలు విషయం రెండో దాంట్లో పేలుస్తారు. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. యథాతథంగా దించితే పేలాల్సింది మొదటి బుడగలోనే పేలిపోతుంది. కాబట్టి వాక్యం మొత్తం తిరగరాయాలి. దానికి ఎవరూ డబ్బులివ్వరు.

చెన్నై_చిన్నోడు:
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు! తమిళంలో మనలాగా వత్తులు లేవు కాబట్టి వాళ్లకి కొంత నయమన్నమాట.

అక్షరకూర్పు:
కొంత. మిగతాది అభిమానుల దయ. ముందే డబ్బు కట్టి కొనేవాళ్లుంటే ఫాంటు సమస్య అదే తీరుతుంది.

సింగపూర్_అత్తయ్య:
మా ఊరి పుస్తకం ఒకటి చెప్పనా? సానీ ల్యూ 'ద ఆర్ట్ ఆఫ్ చార్లీ చాన్ హాక్ చై', 2015. సింగపూర్‌లో ఒక ముసలి కామిక్స్ కళాకారుడి జీవితం, ఆయన గీసిన పాత పేజీలు, స్కెచ్‌లు అన్నీ కలిపి ఇస్తారు. అసలు విషయం, అలాంటి మనిషి ఎప్పుడూ లేడు. పసుపు రంగు ఎక్కిన పాత కాగితాల దగ్గర్నుంచి అన్నీ ల్యూ ఒక్కడే సృష్టించాడు. ఒక దశాబ్దం జపాన్ కామిక్స్ దిగ్గజం తెజుకా తరహాలో, ఇంకో దశాబ్దం మరో తరహాలో, గీత మారుతూ పోతుంది. దేశ చరిత్ర కూడా అలాగే. బడిలో చెప్పే కథలో లీ క్వాన్ యూ ఒక్కడే నాయకుడు. ఇందులో ఆయన ప్రత్యర్థి, వామపక్ష నాయకుడు లిమ్ చిన్ సియాంగ్ ప్రధాని అయి ఉంటే అన్న ఊహ కూడా ఉంది.

నేషనల్ ఆర్ట్స్ కౌన్సిల్ ముందు 8,000 డాలర్ల సాయం ఇచ్చి, విడుదల ముందు వెనక్కి తీసుకుంది. దాంతో జనం ఎగబడి కొన్నారు. తర్వాత 2016లో సింగపూర్ లిటరేచర్ ప్రైజ్, 2017లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డులు మూడు. ఇంత జరిగినా మా తెలుగు సమాజంలో అడిగితే 'చార్లీ చాన్ ఎవరు, డిటెక్టివా?' అన్నారు.

నెల్లూరు_నెరజాణ:
అత్తయ్యా, మీ పోస్ట్ చూసి ఆర్డర్ పెట్టేశా. ధర చూసి గుండె గుభేల్మంది కానీ పెట్టేశా.

కుర్రకుంక_22:
బ్రోస్, వీటి పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో ఎక్కడైనా ఉన్నాయా? లింక్ ప్లీజ్.

నిర్వాహకులు:
కుర్రకుంక_22, లింకులు అడగడం, ఇవ్వడం రెండూ ఇక్కడ కుదరవు. రెండోసారి చెప్పించుకోవద్దు.

సన్నగీత:
నిబంధన సంగతి అలా ఉంచితే, ఫోన్‌లో చదివితే నష్టపోయేది నువ్వే తమ్ముడూ. భీమాయనలో ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి ఒకే బొమ్మ పాకుతుంది. ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ చూస్తే ఏనుగును గుడ్డివాళ్లు తడిమినట్టే. కొనలేకపోతే లైబ్రరీలో అడుగు, కొందరు తెప్పిస్తారు కూడా.

డల్లాస్_పద్మ:
లైబ్రరీ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ పబ్లిక్ లైబ్రరీల్లో గ్రాఫిక్ నవలలకు వేరే అరలుంటాయి. లేనిది పక్క ఊరి నుంచి తెప్పించి ఇస్తారు. అలా దొరికినదే 'అయా ఆఫ్ యాప్ సిటీ' సిరీస్. మార్గరీట్ అబూఎ రాసింది, క్లెమాన్ ఉబ్రెరి గీశాడు. ఫ్రెంచ్‌లో 2005లో మొదలైంది. కథ 1978 నాటి ఐవరీ కోస్ట్‌లో, అబిజాన్ ఊళ్లోని యోపుగాన్ అనే పేటలో.

ఆఫ్రికా అనగానే కరువు, యుద్ధం తప్ప ఏమీ చూపించరు కదా. ఇందులో అవేమీ లేవు. అయా డాక్టర్ కావాలనుకుంటుంది, నాన్నకి ఆమెను గొప్పింటికి ఇచ్చి చేయాలని ఉంటుంది. స్నేహితురాళ్లు అజువా, బింతూలకు డాన్సులు, అబ్బాయిలు. రాత్రి సంత మైదానంలో ప్రేమజంటలు కలుసుకునే చోటుకి 'వెయ్యి నక్షత్రాల హోటల్' అని పేరు! పేటలో ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. చదువుతుంటే మా విజయవాడ సత్యనారాయణపురం వీధిలో ఉన్నట్టే అనిపించింది. రంగులు కూడా వేసవి సాయంత్రంలా వెచ్చగా ఉంటాయి.

సింగపూర్_అత్తయ్య:
పద్మా, ఇది మా అమ్మాయికి ఇవ్వొచ్చా? పదో తరగతి.

డల్లాస్_పద్మ:
ఇవ్వొచ్చండి, కానీ మీరు ముందు చదవండి. పెళ్లికి ముందు గర్భం లాంటివి ఉన్నాయి. వెకిలిగా ఉండదు, నవ్విస్తూనే నిజం చెబుతుంది.

కోటిగల్లీ:
అమ్మాయిల పుస్తకాలంటే, అమృతా పాటిల్ 'కారి' ఎవరూ చెప్పరా? 2008. మొదటి పేజీల్లోనే ఇద్దరు అమ్మాయిలు రెండు మేడల మీది నుంచి దూకుతరు. ఒకామెను వల కాపాడుతది, ఇంకొకామె మురికి కాలువలో పడి బతుకుతది. ఆ రెండో ఆమె కారి. ఎండు బొగ్గుతో గీసినట్టున్న ముంబయి. ఎప్పుడో ఒకసారి రంగు పొడుస్తది. ఆడవాళ్ల మధ్య ప్రేమ గురించి మన దగ్గర ఇంత నిమ్మళంగా, ఉపన్యాసం లేకుండ చెప్పినోళ్లు తక్కువ.

నెల్లూరు_నెరజాణ:
కారి నాకు సగంలో ఆగిపోయింది. వాక్యాలు మరీ కవిత్వం. బొమ్మ చెబుతున్నదాన్నే మాట కూడా చెబుతోంది అనిపించింది.

కోటిగల్లీ:
ఏంజెల్ అని క్యాన్సర్ పేషెంట్ వస్తది చూడండి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అక్కడ మాట తగ్గుతది.

గోదారిగట్టు:
యుద్ధం గురించి ఒకటి. షిగెరు మిజుకి 'ఆన్‌వర్డ్ టువర్డ్స్ అవర్ నోబుల్ డెత్స్'. జపాన్‌లో 1973లో వచ్చింది. మిజుకి రెండో ప్రపంచ యుద్ధంలో న్యూ బ్రిటన్ దీవిలో సైనికుడు, ఎడమ చెయ్యి అక్కడే పోయింది. మిగిలిన చేత్తో ఆయన గీసింది శత్రువు క్రూరత్వం కాదు, సొంత సైన్యం పిచ్చి. ఒక దళం చావడానికే దాడి చేయాలని ఆజ్ఞ. కొందరు బతికి బయటపడతారు. అందరూ వీరమరణం పొందారని పైకి కబురు వెళ్లిపోయింది కాబట్టి, బతికినవాళ్లు మళ్లీ వెళ్లి చావాలి! ఇందులో తొంభై శాతం నిజమని ఆయనే రాసుకున్నాడు.

గీత చూడండి: అడవి, సముద్రం ఫొటోలంత నిజంగా ఉంటాయి, సైనికులు మాత్రం కార్టూన్ బుర్రలతో. మొదట్లో నవ్వొస్తుంది, పేర్లు కూడా గుర్తుండవు. చివరి పేజీల్లో మొహాలు కూడా ఆ అడవంత నిజంగా మారతాయి. అంతకంటే చెప్పను.

శారద_లైబ్రరీ:
దీనికి జోడీగా 'గ్రాస్' చదవాలి. కొరియా రచయిత్రి కిమ్ కుమ్‌సుక్ గీసింది. ఇంగ్లిష్‌లో 2019లో వచ్చింది. జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన అమ్మాయిల్లో ఒకరైన లీ ఓక్‌సన్ అనే ముసలావిడ జ్ఞాపకాలు. కుంచె, నల్ల సిరా, అంతే. అత్యాచారం బొమ్మగా వేయలేదు. ఆ చోట ప్యానెళ్లు (బొమ్మల డబ్బాలు) నల్లగా అయిపోతాయి. చూపించకపోవడం అంటే దాచడం కాదని ఈ పుస్తకం చూశాకే నాకు నమ్మకం కుదిరింది. మన సినిమావాళ్లు ఒక్కసారి చూస్తే బాగుండు. కుర్చీలో కూర్చుని వింటున్న రచయిత్రి కూడా బొమ్మలో ఉంటుంది, ఏ ప్రశ్న అడగాలో తెలియక తడబడుతుంది. నాకు అదీ నచ్చింది.

ఇలాంటి విషయాన్నే మనవాళ్లు మాటే లేకుండా చేసినది 'హష్'. 2010లో బెంగళూరు మాంటా రే వాళ్లు వేశారు. ఇంట్లో పిల్లల మీద జరిగే లైంగిక హింస గురించి. బుడగలుండవు, మాట ఒక్కటీ ఉండదు. ఆ అమ్మాయి చెప్పుకోలేనిది కాబట్టి పుస్తకం కూడా చెప్పదు. చిన్న పుస్తకం, అరగంట కూడా పట్టదు. ముందే చెబుతున్నా, మనసు బాగోలేనప్పుడు తీయొద్దు.

పేజీతిప్పు:
శారద గారూ, ఇలా రాస్తారని తెలిస్తే మిమ్మల్నే మొదటి పోస్ట్ పెట్టమనేవాణ్ణి.

సన్నగీత:
బొమ్మలతో వార్తాకథనాలు చేసే జో సాకో అందరికీ తెలుసు, పాలస్తీనా పుస్తకాలు తెలుసు. కానీ ఆయన ఉత్తరప్రదేశ్ వచ్చి కుశీనగర్ జిల్లా ముసహర్లనే దళితుల మీద బొమ్మల కథనం చేసిన సంగతి మనలో ఎంతమందికి తెలుసు? 'జర్నలిజం' అనే 2012 సంకలనంలో చివర ఉంది. ఉపాధి హామీ, రేషన్, పక్కా ఇల్లు, ఇవన్నీ కాగితం మీద ఎలా ఉంటాయో, గుడిసె ముందు ఎలా ఉంటాయో ముఖాల్లో కనిపిస్తుంది. పెద్దమనిషి పక్కన నిలబడితే పేదవాడి జవాబు ఎలా మారిపోతుందో గీశాడు చూడండి, మన జిల్లా విలేకర్లందరూ చూడాల్సిన పేజీలు.

నెల్లూరు_నెరజాణ:
మాలిక్ సజాద్ 'మున్ను' కూడా చేర్చండి. 2015. కశ్మీరీలందరినీ హంగుల్ జింకలుగా గీశాడు, మిగతావాళ్లు మనుషులు. హంగుల్ అంతరించిపోతున్న జింక కాబట్టి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. యూదులను ఎలుకలుగా గీసిన మౌస్ ఛాయ ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ చెక్క మీద చెక్కినట్టుండే ఆ గీత అతని సొంతం.

పాతచందమామ:
అన్నీ బరువైనవే చెబుతున్నారు. మా వయసువాళ్లకి కాస్త హాయిగా ఉండేది లేదా?

శారద_లైబ్రరీ:
ఉంది తాతగారూ. జిరో తనిగుచి 'ద వాకింగ్ మ్యాన్'. ఒకాయన తన ఊళ్లో నడుస్తుంటాడు. పిట్టను చూస్తాడు, చెట్టెక్కుతాడు, వానలో తడుస్తాడు. కథంటూ ఏమీ లేదు. మాటలు చాలా తక్కువ. మీకు కళ్లజోడు ఇబ్బంది కూడా ఉండదు.

పాతచందమామ:
మా మనవడికి చెప్పి తెప్పిస్తా. కుడి నుంచి ఎడమకి చదవాలంటారే జపాన్ పుస్తకాలు, అదా?

గోదారిగట్టు:
ఒక్కో ముద్రణ ఒక్కోలా ఉంటుందండి. కొన్నిటిని తిప్పి ఎడమ నుంచి కుడికి వేస్తారు. కొనేముందు లోపలి పేజీలు చూడమనండి. కుడి నుంచి ఎడమకి ఉన్నా భయపడొద్దు, పది పేజీల్లో కన్ను అలవాటు పడుతుంది.

కుర్రకుంక_22:
సారీ అడ్మిన్. ఒక డౌట్. హైదరాబాద్ మీద ఏమీ లేదా? మన ఊరి గ్రాఫిక్ నవల?

కోటిగల్లీ:
ఉన్నది తమ్మీ. 'హైదరాబాద్: ఎ గ్రాఫిక్ నావెల్', 2014. జై ఉండుర్తి రాసిండు, హర్షో మోహన్ చట్టోరాజ్ గీసిండు. చరిత్ర, కట్టుకథ కలిపి అల్లిన్రు. అంతా సమానంగా కుదరలే. కొన్నిచోట్ల గైడు వెంట తిరిగినట్టుంటది. కానీ చార్మినార్‌ను పోస్టుకార్డు లెక్క కాకుండ గీసినందుకైనా తిరగెయ్యాలె. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు. దొరకకపోతే నాకు మెసేజ్ పెట్టు, నా కాపీ ఇస్తా. మూలలు మడవొద్దు, టీ కప్పు పెట్టొద్దు.

కుర్రకుంక_22:
అన్నా, ఈ ఆదివారమే పోతా.

డల్లాస్_పద్మ:
అయా పుస్తకాల వెనక పల్లీల కూర రెసిపీ ఉందని చెప్పడం మర్చిపోయా. మాంసంతో చేస్తారు వాళ్లు. నేను వంకాయతో చేశా, గుత్తి వంకాయకి బంధువులా వచ్చింది. కారం మాత్రం మన లెక్కకి పెంచుకోండి.

సింగపూర్_అత్తయ్య:
పల్లీలు వేయించి నూరాలా, పచ్చివా?

డల్లాస్_పద్మ:
వాళ్లు పీనట్ బటర్ లాంటి ముద్ద వాడతారు అత్తయ్యా. నేను వేయించి మిక్సీలో వేశా.